మావోణ్ని ఎట్ల చూపెట్టిండ్రు?

రాజకీయ నాటకం చూసే తెలుగు ప్రేక్షకుడు మొదట అడిగేది కథ గురించి కాదు. ‘మావోణ్ని ఎట్ల చూపెట్టిండ్రు?’ అన్నదే అతని మొదటి ప్రశ్న. నటన, సంగీతం, కెమెరా అన్నీ ఆ తర్వాతే.

2025 ఆగస్టు 7న సోనీ లివ్‌లో ‘మయసభ’ వచ్చినప్పుడు ఇదే జరిగింది. దేవా కట్టా, కిరణ్ జయకుమార్ తీసిన ఈ సిరీస్‌లో కాకర్ల కృష్ణమ నాయుడు, ఎం.ఎస్. రామిరెడ్డి అనే ఇద్దరు మిత్రులు ఒకే కాలంలో రాజకీయాల్లోకి దిగి, చివరికి ప్రత్యర్థులవుతారు. ఆది పినిశెట్టి, చైతన్య రావు ఆ పాత్రలు వేశారు. పేర్లు కల్పితమే. కానీ నాయుడు ఎవరో, రెడ్డి ఎవరో కోదాడ బస్టాండులో పల్లీలు అమ్మేవాణ్ని అడిగినా చెప్తాడు. సాయికుమార్ వేసిన ఆర్‌సీఆర్ కాషాయ బట్టల్లో కనబడితే ఎన్టీఆర్ అని ఇక చెప్పేదేముంది?

పేరు మార్చడం వల్ల గొడవ తగ్గుతుందని తీసేవాళ్లు అనుకుంటారు. నాకైతే పెరుగుతుందనే అనిపిస్తుంది. అసలు పేరు ఉంటే ప్రేక్షకుడు కథ వింటాడు. మారుపేరు ఉంటే పోలింగ్ బూతులో ఏజెంటులా కూర్చుని ఒక్కో సీనుకూ టిక్కు పెట్టుకుంటాడు. ‘ఇది జరిగింది, ఇది జరగలే, ఇది మావోణ్ని తక్కువ చేసుడే.’ ఒకవైపు వాళ్లకు నాయుడికి నత్తి పెట్టడం నచ్చలేదు. ఇంకోవైపు వాళ్లకు రెడ్డి వెనకబడ్డట్టు అనిపించింది. ఇద్దరినీ సమానంగా మోశారని మూడోవాళ్లు పెదవి విరిచారు. ముగ్గురూ చివరిదాకా చూశారు, అది వేరే సంగతి.

నల్లగొండ జిల్లా పెద్దవూర మండలంలో ఈ టిక్కులు పెట్టేవాళ్లకు కొరత లేదు. ఈ మండలంలోని చలకుర్తి పేరుతోనే చాలాకాలం అసెంబ్లీ నియోజకవర్గం ఉండేది, 2009 నుంచి అది నాగార్జునసాగర్ అయింది. 1983లో జానారెడ్డి చలకుర్తి నుంచి తెలుగుదేశం అభ్యర్థిగా గెలిచారు, 1989లో అదే చోట కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచారు. రెండుసార్లూ ఓటేసిన పెద్దమనుషులు ఊళ్లలో ఇంకా ఉన్నారు. 1984 ఆగస్టులో గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్‌ను దింపి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టడం, నెల తిరిగేసరికి ఎన్టీఆర్ మళ్లీ కుర్చీ ఎక్కడం వాళ్లకు నిన్నమొన్నటి ముచ్చట. వాళ్ల ముందు ఎనభైల రాజకీయం తెర మీద ఆడించడమంటే, పెండ్లికి పోయొచ్చినోళ్లకు పెండ్లి వీడియో చూపించడమే.

ఈ ‘మావోడు’ పట్టింపు ఫోన్లు వచ్చాక పుట్టింది కాదు. 1987లో ‘మండలాధీశుడు’ సినిమాలో ఎన్టీఆర్‌ను పోలిన పాత్ర వేసినందుకు కోట శ్రీనివాసరావును విజయవాడలో అభిమానులు కొట్టారు. ఆ దెబ్బల సంగతి ఆయనే ఇంటర్వ్యూల్లో చాలాసార్లు చెప్పారు. ఆ సినిమా తీసిన డాక్టర్ ప్రభాకర్ రెడ్డి మన తుంగతుర్తి మనిషి. పెద్దవూరను మండలం చేసిన ఎన్టీఆర్ మండల వ్యవస్థ మీదే ఆ పేరులోని ఎత్తిపొడుపు కూడా.

2014 జూన్‌లో వచ్చిన ప్రతిస్పందన ఇంకో రకం. తెలంగాణ ఏర్పడి రెండు వారాలైనా కాలేదు. కొత్త శాసనసభ్యులను వెక్కిరిస్తూ టీవీ9 ఒక వ్యంగ్య కార్యక్రమం వేసింది. సభలో ఆగ్రహం లేచింది. కేబుల్ ఆపరేటర్లు టీవీ9తో పాటు ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారాలనూ ఆపేశారు. ఆ వెక్కిరింత మొరటుదే, తెలంగాణ మనిషి తాగుడునూ యాసనూ నవ్వులాట చేసే పాత అలవాటు అందులో ఉంది. నాకూ ఒళ్లు మండింది. అయినా చూసేవాడు రిమోటు నొక్కి ఛానెల్ మార్చడం వేరు, అందరి ఇళ్లకూ తీగ కత్తిరించడం వేరు. మొదటిది ప్రేక్షకుడి హక్కు, రెండోది అధికారానికి లొంగిన పని.

దెబ్బల నుంచి తీగ దాకా, తీగ నుంచి వాట్సాప్ గ్రూపు దాకా వచ్చాం. మనుషులు దెబ్బలు తినకపోవడం మేలే.

‘మయసభ’ మీద నా ఫిర్యాదు మాత్రం వేరే. సిరీస్‌లోని నాయుడు, రెడ్డి గుర్తుచేసే చంద్రబాబు చంద్రగిరి నుంచి, రాజశేఖర రెడ్డి పులివెందుల నుంచి తొలిసారి గెలిచింది 1978లో. ముఖ్యమంత్రి అంజయ్య మంత్రివర్గంలో ఇద్దరూ ఉన్నారు. చంద్రబాబు చూసిన శాఖల్లో సినిమాటోగ్రఫీ ఒకటి, ఎన్టీఆర్ అల్లుడైంది 1981లో. ఇంత రక్తికట్టే కథ ఉన్నప్పుడు రచయితలు దాని వెంట పడటంలో తప్పు లేదు. కానీ అదే 1978 ఎన్నికల్లో తుంగతుర్తి నుంచి మల్లు స్వరాజ్యం కూడా గెలిచారు. తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకీ పట్టిన మనిషి, తల మీద నిజాం సర్కారు పది వేల రూపాయల వెల కట్టిన మనిషి, అదే సభలో సీపీఎం బెంచీ మీద కూర్చున్నారు. 1983లో ఎన్టీఆర్ గాలిలోనూ ఆమె మళ్లీ గెలిచారు. 1952లో నల్లగొండ నుంచి లోక్‌సభకు గెలిచిన రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ మెజారిటీ వచ్చింది. వీళ్లను తెర మీద ప్రధాన పాత్రలు చేసి సిరీస్ తీసినవాళ్లు నాకు తెలిసి లేరు.

మిర్యాలగూడలో, సూర్యాపేటలో ఇద్దరు రాయలసీమ నాయకుల్లో ఎవరిని గొప్పగా చూపారని రాత్రిళ్లు వాదించుకునేవాళ్లు ఈ సంగతి ఒక్కసారైనా అడగాలి. మన పోటీ కూడా అరువుదేనా? సాగర్ ఎడమ కాలువ కింద పండిన పార్టీలు, చీలికలు, సొంత అన్నదమ్ములే ఎదురుబొదురు నిలబడ్డ పంచాయతీ ఎన్నికలు ఎన్ని సీజన్లకైనా సరిపోతాయి.

సిరీస్ తీసేవాళ్లు చదువుతుంటే ఒక మాట. 1978 నాటి అసెంబ్లీ మీద మళ్లీ కథ రాస్తే తుంగతుర్తి సభ్యురాలి నుంచి మొదలుపెట్టండి. ఆమెను ఎట్ల చూపెట్టారో చెప్పడానికి ఇక్కడ జనం సిద్ధంగా ఉన్నారు.