శుద్ధి నీళ్లలో రంగుచేప బతకాలంటే...

పప్పు ఉడకని నీళ్లు, సబ్బు నురగ రాని నీళ్లు - బోరు నీళ్ల బాధ నల్లగొండ జిల్లా రైతుకు కొత్త కాదు. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు ఫ్లోరైడ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకే ఊరూరా నీటి శుద్ధి ప్లాంట్లు వెలిశాయి. ఇరవై లీటర్ల క్యాను ఇంటింటికీ చేరింది. మనిషికి మంచివైన నీళ్లు చేపకు ఇంకా మంచివి కదా అని పెరట్లో రంగుచేపలు పెంచాలనుకునేవారు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. నష్టపోయాను.

మా ఇంటి పెరట్లో రెండొందల లీటర్ల ప్లాస్టిక్ టబ్బు నిండా ప్లాంటు నీళ్లు పోయించి నలభై గప్పీలు, పది మాలీలు వదిలాను. మూడు వారాలు హుషారుగానే తిరిగాయి. నాలుగో వారం మేత ముట్టడం మానేశాయి. రెక్కలు ముడుచుకుని ఓ మూలకు చేరాయి. పరీక్ష కాగితం ముంచి చూస్తే ఉదజని సూచిక (పీహెచ్) 6 కన్నా దిగువకు పడిపోయింది. పులుపు విరగడానికి వంటసోడా ఉంది కదా అని గుప్పెడు తీసి టబ్బులో చల్లాను. అది సాయంత్రం. తెల్లారి లేచి చూస్తే రెండు మాలీలు తప్ప అన్నీ తేలిపోయి ఉన్నాయి. ఆ తప్పు మీరు చేయకూడదనే ఈ నాలుగు మాటలు.

ఖాళీ నీళ్లు

ప్లాంటులో నీటిని సన్నటి పొర గుండా ఒత్తిడితో నెడతారు. ఫ్లోరైడ్, ఉప్పు పోతాయి. వాటితోపాటు కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్లు కూడా దాదాపుగా పోతాయి. ఎరువు లేని ఇసుకలో మొక్క నాటినట్టే, ఆ నీళ్లలో చేపను వదలడం.

మంచినీటి చేప ఒంట్లో లవణాలు బయటి నీళ్లలో కన్నా ఎక్కువ. అందుకని మొప్పల గుండా నీరు లోపలికి చొరబడుతూ, లవణాలు బయటికి జారిపోతూ ఉంటాయి. నీళ్లలో తగినంత కాల్షియం ఉంటే మొప్పల పొర బిగువుగా ఉండి ఈ నష్టం తగ్గుతుంది. ఏమీ లేని నీళ్లలో చేప శక్తంతా లవణాలు కాపాడుకోవడానికే సరిపోతుంది. ఇక ఎదుగుదల ఎక్కడిది?

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఏళ్ల తరబడి యూరియా వేసిన నేలలో ఆమ్లగుణం పెరగడం మీరు విన్నదే. తొట్టిలోనూ అదే జరుగుతుంది. చేపలు విసర్జించే అమ్మోనియాను సూక్ష్మజీవులు ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ మార్పులో ఆమ్లం పుడుతుంది. ఒక గ్రాము అమ్మోనియా నత్రజని మారడానికి సుమారు 7 గ్రాముల క్షారత్వం (ఆల్కలినిటీ) ఖర్చవుతుంది. బోరు నీళ్లలో క్షారత్వం నిల్వ ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది. ప్లాంటు నీళ్లలో ఆ నిల్వే లేదు. కొద్ది వారాల్లోనే పీహెచ్ కుప్పకూలుతుంది. అప్పుడు సూక్ష్మజీవులూ పని మానేస్తాయి. అమ్మోనియా పేరుకుపోతుంది.

గుప్పెడు సోడా ఎందుకు చంపింది?

పులుపు నీళ్లలో అమ్మోనియా చాలావరకు విషం కాని రూపంలో ఉంటుంది. పీహెచ్ 6 దగ్గర విషరూపం వెయ్యింట ఒక పాలు కూడా ఉండదు. పీహెచ్ ఒక్కసారిగా 8కి చేరితే మన ఎండల వేడికి వందకు ఆరేడు పాళ్లు విషంగా మారుతుంది. నేను సోడా చల్లి చేసింది ఇదే. నీళ్లు బాగుచేశాననుకున్నాను, దాగి ఉన్న విషాన్ని లేపాను.

మీ తొట్టిలో పీహెచ్ పడిపోతే తొందరపడకండి. రెండు రోజులు మేత ఆపండి. గాలిపంపు పెట్టండి. రోజుకు పదో వంతు నీళ్లు తీసి, సరిగా తయారుచేసిన కొత్త నీళ్లు పోస్తూ వారం పదిరోజుల్లో దారికి తెచ్చుకోండి.

నేలను బట్టి పంట, నీటిని బట్టి చేప

గప్పీ, మాలీ, ప్లాటీ, స్వోర్డ్‌టైల్ - ఈ పిల్లల్ని కనే చేపలకు కొంచెం గట్టినీళ్లే ఇష్టం. గోల్డ్‌ఫిష్ కూడా తట్టుకుంటుంది. కొత్తగా మొదలుపెట్టే చిన్న రైతు వీటితోనే మొదలుపెట్టాలి. టెట్రా, డిస్కస్ లాంటివి మెత్తటి నీళ్ల చేపలు. చెయ్యి తిరిగాక చూసుకోవచ్చు.

కాబట్టి ముందుగా చేయాల్సింది మీ బోరు నీళ్లు పరీక్ష చేయించడం. కఠినత్వం, క్షారత్వం, ఉప్పు, ఇనుము ఎంతున్నాయో రాయించుకోండి. చేతిలో పెట్టుకునే టీడీఎస్ మీటరును నమ్ముకోవద్దు. నీళ్లలో మొత్తం లవణాలు ఎన్నో అది చెబుతుంది కానీ, అవి ఏ లవణాలో చెప్పదు. ఉప్పునీళ్లకూ సున్నపునీళ్లకూ ఒకే అంకె చూపించగలదు.

బోరు నీళ్లలో ఉప్పు, ఇనుము ఎక్కువ లేకపోతే పైసా ఖర్చు లేని ఉపాయం ఉంది: కలపడమే. ఉదాహరణకు మీ బోరులో లీటరుకు కఠినత్వం 600, క్షారత్వం 400 మిల్లీగ్రాములు ఉన్నాయనుకోండి. బోరు నీళ్లు 25 లీటర్లు, ప్లాంటు నీళ్లు 75 లీటర్లు కలిపితే కఠినత్వం సుమారు 150, క్షారత్వం 100కు వస్తాయి. పైన చెప్పిన చేపలకు ఇవి చక్కగా సరిపోతాయి. ఫ్లోరైడ్ కూడా దాదాపు నాలుగో వంతుకు తగ్గుతుంది. అయితే ప్లాంటు వెనక పైపు నుంచి వదిలేసే నీళ్లు మాత్రం వాడొద్దు. తీసేసిన లవణాలన్నీ చిక్కబడి ఉండేది అందులోనే.

లవణాలు కలిపే పద్ధతి

బోరు నీళ్లు బొత్తిగా పనికిరాకపోతే ప్లాంటు నీళ్లకు లవణాలు చేర్చాలి. వంద లీటర్లకు ఈ మోతాదు పాటించండి:

* వంటసోడా 15 గ్రాములు. దీంతో క్షారత్వం సుమారు 90 మిల్లీగ్రాములు పెరుగుతుంది. టీస్పూను సమంగా తీస్తే సుమారు 5 గ్రాములు.

* కాల్షియం క్లోరైడ్ (డైహైడ్రేట్) 15 గ్రాములు. కఠినత్వం సుమారు 100 పెరుగుతుంది.

* మెగ్నీషియం సల్ఫేటు 10 గ్రాములు. పత్తి, నిమ్మ తోటలకు పిచికారీ చేసేదే. దీంతో కఠినత్వం మరో 40 పెరుగుతుంది. వేరే పోషకాలు కలిపిన మిశ్రమం కాకుండా శుభ్రమైన సరుకు తీసుకోండి.

మూడింటినీ వేర్వేరు మగ్గుల్లో కరిగించి, ఒకదాని తర్వాత ఒకటి డ్రమ్ములో కలపాలి. చిక్కటి ద్రావణంలో సోడా, కాల్షియం కలిస్తే తెల్లగా విరిగి అడుగున సున్నంలా పేరుకుంటుంది. మందు వృథా. కలిపాక ఒక రోజంతా గాలిపంపు ఆడించి, మర్నాడు తొట్టికి పోయండి. లవణాలను చేపలున్న తొట్టిలో నేరుగా చల్లడం ఎట్టి పరిస్థితుల్లోనూ పనికిరాదు.

వంటసోడాకు బదులు బట్టల సోడా వాడితే పీహెచ్ ఎగబాకి చేపలు చస్తాయి. బేకింగ్ పౌడరూ వద్దు. కల్లుప్పు వేస్తే మీటరు అంకె పెరుగుతుంది కానీ కఠినత్వం, క్షారత్వం రావు. పొలానికి వేసే జిప్సంలో మలినాలుంటాయి, తొట్టికి వద్దు.

కోళ్ల దాణాలో వేసే ఆల్చిప్పల నూకను బాగా కడిగి చిన్న వలసంచిలో కట్టి గాలిపంపు దగ్గర వేలాడదీయండి. నీళ్లు పులిసినప్పుడు అది కరిగి కాపాడుతుంది. పులుపు తగ్గితే కరగడం మందగిస్తుంది. ఇది పై మోతాదుకు బదులు కాదు, తోడు మాత్రమే.

మరికొన్ని జాగ్రత్తలు

వారానికోసారి క్షారత్వం, పీహెచ్ చూసి పుస్తకంలో రాసుకోండి. చుక్కల కిట్టుతో పరీక్షిస్తే చాలావాటిలో ఒక్కో చుక్క సుమారు 18 మిల్లీగ్రాములకు లెక్క. క్షారత్వం 50 కన్నా తగ్గకముందే నీళ్లు మార్చాలి. పీహెచ్ అంకె వెంట పరుగెత్తొద్దు. క్షారత్వం నిలిస్తే పీహెచ్ తనే నిలుస్తుంది.

ఎండాకాలం తొట్టి నీళ్లు ఆవిరవుతాయి. నీరే పోతుంది, లవణాలు తొట్టిలోనే ఉంటాయి. కాబట్టి ఆవిరైన మేరకు ఉత్త ప్లాంటు నీళ్లే పోయాలి. నీళ్లు తీసి మార్చేటప్పుడు మాత్రం తయారుచేసినవి పోయాలి. ఈ తేడా తెలియక లవణాలు పెంచుకునేవారు చాలామంది.

కొత్త సిమెంటు తొట్టి అయితే కథ తిరగబడుతుంది. ఖాళీ నీళ్లు సిమెంటు లోంచి సున్నాన్ని లాగేస్తాయి, పీహెచ్ 9 దాటుతుంది. రెండు మూడు వారాలు నీళ్లు నింపుతూ, పారబోస్తూ ఊరబెట్టి, పీహెచ్ నిలకడకు వచ్చాకే చేపలు వదలండి.

కుళాయి నీళ్లు వాడితే క్లోరిన్ పోయేందుకు ఒక రోజు గాలిపంపు పెట్టి ఆరుబయట ఉంచండి. తెచ్చిన చేపల సంచిని పావుగంట తొట్టి మీద తేలనిచ్చి, గంటసేపు కొద్దికొద్దిగా తొట్టి నీళ్లు సంచిలో పోసి, అప్పుడు వదలండి. అమ్మినవాళ్లను వాళ్ల నీళ్ల సంగతి అడగడానికి మొహమాటపడొద్దు.

2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగుచేపల యూనిట్ ఖర్చు 3 లక్షల రూపాయలుగా లెక్కగట్టారు. జనరల్ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం రాయితీ పెట్టారు. అప్పు చేసే ముందు జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో ఇప్పటి నిబంధనలు అడిగి తెలుసుకోండి.

రాయితీ వచ్చినా రాకపోయినా, ముందు ఒక్క టబ్బుతో మొదలుపెట్టండి. తయారుచేసిన నీళ్లలో ఐదారు చేపలను రెండు నెలలు నిలబెట్టి చూడండి. అవి నిలిచాకే తొట్లు కట్టండి. విత్తనం మొలక చూడకుండా ఎకరమంతా చల్లరు కదా!