పచ్చిక కోత ఎప్పుడు మొదలుపెట్టవలెను?

శివరాత్రికి చలి శివశివా యని వెడలిపోవునని మన పెద్దల మాట. ఆ పిమ్మట ఎండ ముదురును, చెట్లు ఆకు రాల్చి చిగురు తొడుగును. పంచాయతీ కార్యాలయము ముంగిటను, పాఠశాల ఆవరణములోను, ఊరి ఉద్యానవనములోను పచ్చిక పెంచుచున్న గ్రామములలో ఈ దినములందు ఒక ప్రశ్న బయలుదేరును. గడ్డి కోత ఎప్పుడు మొదలుపెట్టవలెను? ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును. కాని దానిలో కూలి ఖర్చు, యంత్రపు ఖర్చు, అన్నిటికంటె ముఖ్యముగా వేసవి నీటి సంగతి ఇమిడి యున్నవి. తెలంగాణలో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము పచ్చదనమును పెంచు బాధ్యతను గ్రామ పంచాయతీలపై ఉంచినది. 2020 నుండి ఊరూర పల్లె ప్రకృతి వనముల ఏర్పాటు సాగినది. కావున ఈ విషయమును సభ్యులు కొంత వివరముగా తెలిసికొనుట మేలని మేము తలచుచున్నాము.

నగరములో కనిపించు పచ్చదనము

హైదరాబాదులో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ దగ్గర దగ్గరగా నున్న పేటలు. అశోక్‌నగర్ చెంతనే ఇందిరా పార్కు గలదు. 1975లో అప్పటి రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహ్మద్ దీనికి శంకుస్థాపన చేసిరి. 1978లో ఇది ప్రజలకు అందుబాటులోనికి వచ్చినది. దీని విస్తీర్ణము 76 ఎకరములు. పనిమీద నగరమునకు వచ్చిన గ్రామస్థులు మార్చి నెలలో ఇట్టి తోటలయందు పచ్చని గడ్డిని చూచి, మన ఊరిలోను ఇట్లే ఉండరాదా యని అనుకొనుట సహజము.

అయితే అవే పేటలలో ఎవరును నీరు పోయని ఖాళీ స్థలమును కూడ చూడవలెను. అక్కడి గడ్డి ఆ నెలలోనే గోధుమవన్నెకు తిరిగి కరకరలాడుచుండును. రెండు చోట్లను ఒకే ఎండ. భేదమంతయు నీటిలో నున్నది. తడిపిన చోట గడ్డి వసంతములోనే పెరుగును; తడపని చోట వానకొరకు వేచియుండును. కోత ప్రారంభమును నిర్ణయించునది ఈ భేదమే.

ఒక దేశపు సలహా మరియొక దేశమునకు చెల్లదు

యంత్రముతో పచ్చిక కోయు పద్ధతి ఇంగ్లండులో పుట్టినది. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ అను నాతడు అట్టి యంత్రమునకు మొట్టమొదట పేటెంటు పొందెను. ఆ దేశమున చలికాలములో గడ్డి పెరుగుదల దాదాపు ఆగిపోవును. మార్చి, ఏప్రిల్ మాసములలో నేల వెచ్చబడగానే, తేమకు కొరత లేనందున, గడ్డి ఒక్కసారిగా లేచును. అందుచేత వసంతమున కోత ప్రారంభించవలెనని అక్కడి తోటపని పుస్తకములు చెప్పును. ఆ మాట ఆ దేశపు చలికి, ఆ దేశపు వానకు, చల్లదనమును కోరు అక్కడి గడ్డిజాతులకు సరిపోవును.

మన పచ్చికలలో ముఖ్యమైనది గరిక. ఇది వేడిని కోరునది. డిసెంబరు, జనవరి మాసముల చలిరాత్రులలో దీని పెరుగుదల మందగించును. ఫిబ్రవరి చివర నుండి వేడిమి చాలును గాని తేమ చాలదు. ఈ ప్రాంతమునకు వాన ప్రధానముగా జూన్ నుండి సెప్టెంబరు వరకు కురియును. కావున నీరు పెట్టని గరికకు నిజమైన వసంతము మృగశిర కార్తెతో వచ్చును. వినాయకచవితి నాటికి అడుగడుగునను లేత గరిక దొరకుటకు కారణమిదియే.

ఎండిన గరిక చచ్చినట్లు కాదు. దాని కణుపులు, నేలలోని తీగలు బ్రదికియే యుండును. చేలలో కలుపు తీసిన ప్రతి రైతుకును ఈ సంగతి తెలిసినదే. అట్టి గడ్డిని ఏప్రిల్‌లో నేలబారుగా కోసినయెడల నేలకు కప్పు పోవును. ఎండ సూటిగా తగిలి మిగిలిన కొద్ది తేమయు ఆవిరి యగును. వేళ్ళకు ఆహారము తయారుచేయునది ఆకు గనుక, ఆకును పూర్తిగా తీసివేసిన వేళ్ళు బలహీనపడును. తొలకరికి అక్కడ గరికకు బదులు కలుపు మొక్కలు ముందుగా లేచును.

కొలత ఏది?

తేదీని చూడక ఎత్తును చూడవలెను. ఊరి పచ్చికను రెండు అంగుళముల ఎత్తున నిలుపుట మంచిది. అది మూడు అంగుళములకు పెరిగినప్పుడు పై అంగుళమును మాత్రమే కోయవలెను. అనగా ఏ కోతలోను మూడవ వంతుకు మించి తీయరాదు. చెట్ల నీడనున్న గడ్డిని ఇంకను కొంచెము ఎత్తుగా విడువవలెను. నీరు పెట్టుచున్న పచ్చిక మార్చిలోనే ఈ ఎత్తునకు రావచ్చును; అప్పుడే కోయవచ్చును. నీరు పెట్టని పచ్చిక జూన్ చివరికి గాని రాదు, అంతవరకు ఆగవలెను. తొలి వాన పడిన మరునాడే కోతకు దిగరాదు. కొత్త ఆకు వచ్చి, నేల కాలు దిగబడకుండ ఆరిన పిదపనే యంత్రమును దింపవలెను. వానలు బాగుగా పడు దినములలో వారము పది దినములకొక కోత సాధారణముగా చాలును.

నీటి లెక్క

మార్చిలోనే పచ్చిక కావలెనని సభ్యులు కోరినచో ముందుగా ఒక లెక్క వేసికొనవలెను. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు ఎత్తు నీరు నిలుపుటకు ఒక లీటరు పట్టును. నడివేసవిలో పచ్చికకు దినమునకు 5 మిల్లీమీటర్లు ఇచ్చినయెడల 500 చదరపు మీటర్ల స్థలమునకు 2,500 లీటర్లు కావలెను. 2019లో ప్రారంభమైన జల్ జీవన్ మిషన్ గ్రామములలో మనిషికి దినమునకు 55 లీటర్లు అందవలెనని నిర్ణయించినది. అనగా ఆ చిన్న పచ్చిక త్రాగు నీరు సుమారు 45 మందికి ఒక దినపు నీరు. బోరు అడుగంటుచున్న ఊరిలో ఈ నీరు పచ్చికకు పోయవలెనా, కుళాయికి వదలవలెనా యనుట పంచాయతీ నిర్ణయించవలసిన విషయము. వేసవిలో గడ్డి ఎండినచో సిగ్గుపడవలసినది లేదు; వానతో అది తిరిగి లేచును. మూడేండ్లైనను నిండని చెట్టు మొక్క మాత్రము నీరు లేక ఎండినచో తిరిగి రాదు. కొద్ది నీరే యున్నప్పుడు దానిని మొక్కల పాదులకు పోయుట వివేకము.

వేచియున్న కాలములో చేయవలసిన పనులు

వసంతమున కోత లేనంత మాత్రమున పని లేదని కాదు. యంత్రపు బ్లేడును, కొడవళ్ళను పదును పెట్టించవలెను. మొద్దు బ్లేడు గడ్డిని కోయక చీల్చును. పచ్చికలోని రాళ్ళను, గాజు పెంకులను ఏరివేయవలెను. యంత్రము నడచునప్పుడు రాయి ఎగిరి తగులు ప్రమాదము గలదు గనుక పిల్లలను దూరముగా నుంచవలెను. నడుపువాడు బూట్లు తొడగవలెను. వయ్యారిభామ మొలచిన చోట పూతకు రాకముందే, చేతికి తొడుగు వేసికొని, వేళ్ళతో పెరికివేయవలెను.

పైన చెప్పిన నియమమునకు ఒక మినహాయింపు గలదు. పాఠశాల త్రోవ, అంగన్‌వాడీ వాకిలి, కుళాయి చుట్టుప్రక్కల ఏపుగా పెరిగిన గడ్డిని ఏ మాసమందైనను కోయవలసినదే. అట్టి చోట పాములు దాగును. ఎండుగడ్డి దట్టముగా నున్న స్థలమునకు, ఇండ్లకు, గడ్డివాములకు నడుమ కొంత వెడల్పున శుభ్రము చేసి నిప్పు ప్రాకకుండ చూడవలెను. ఎండుగడ్డికి నిప్పు పెట్టి శుభ్రము చేయు అలవాటును మాన్పించవలెను.

వానకాలపు కోతలో వచ్చిన సన్నని తునకలను పచ్చికపైననే పలుచగా వదలినచో నేలకు ఎరువగును. మందు చల్లని గడ్డి ఎక్కువగా వచ్చినప్పుడు తాజాగానే పశువులకు వేయవచ్చును. కుప్పపోసి వేడెక్కిన గడ్డిని మాత్రము వేయరాదు.

ఫాల్గుణ మాసములో జరుగు పంచాయతీ సమావేశమున సభ్యులు ఈ మూడు ప్రశ్నలను చర్చకు పెట్టుకొందురు గాక: మన బోరులో వేసవికి ఎంత నీరున్నది? దానిలో పచ్చికకు ఎంత ఇయ్యగలము? ఇయ్యలేనిచో తొలకరి వరకు ఏ స్థలమును కోయక విడువవలెను? ఈ నిర్ణయమును పుస్తకములో వ్రాసి, కోత పనివానికి చదివి వినిపించినయెడల వేసవి కూలియు మిగులును, నీరును మిగులును, వానకాలమున పచ్చికయు దట్టముగా లేచును.