పాలు తాగాడులే అనుకుంటే...

యాయీరు కూతురి సంగతి సండే స్కూలుకు వెళ్లిన ప్రతి పిల్లవాడికీ తెలుసు. పన్నెండేళ్ల పిల్ల చనిపోయింది, ఇంట్లో ఏడుపులు మొదలయ్యాయి, యేసుప్రభువు వచ్చి చెయ్యి పట్టుకుని లేపాడు. మన ప్రసంగాలు మామూలుగా అక్కడితో ఆగిపోతాయి. ఆ తర్వాత ఆయన ఆ తల్లిదండ్రులకు అప్పజెప్పిన చిన్న పనిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పిల్లకు తినడానికి ఏమైనా పెట్టమన్నాడాయన (మార్కు 5:43). అంతటి అద్భుతం జరిగిన ఇంట్లో అందరూ నిర్ఘాంతపోయి నిలబడి ఉంటే, ఆ పిల్ల ఆకలి గుర్తున్నది ఆయనొక్కడికే! మేము కూడా ఆ వచనాన్ని ఎన్నోసార్లు చదివి దాటేసినవాళ్లమే. మా మూడేళ్ల కొడుకు మంచం వెనక కూర్చుని గోడ సున్నం గీకి తింటూ దొరికిన రోజు దాకా అది మాకు తగల్లేదు.

మొదటిసారి కోప్పడ్డాం. రెండోసారి చేతి మీద కొట్టాం. గోడకు అట్టలు అంటించాం, మంచం జరిపాం. వాడు పెరట్లోకి వెళ్లి మట్టి తినడం మొదలుపెట్టాడు. ఈ పాడు అలవాటు మానాలని రాత్రి ప్రార్థనలో వాడి చేతనే చెప్పించాం కూడా. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. చివరికి జ్వరం వచ్చి డాక్టరు దగ్గరకు తీసుకెళితే ఆయన వాడి కనురెప్ప కిందికి లాగి చూసి రక్తపరీక్ష రాశారు. హిమోగ్లోబిన్ 8.4 వచ్చింది. ఆ వయసు పిల్లలకు 11 ఉండాలి.

"అమ్మా, రోజుకు ఎన్నిసార్లు పాలు తాగుతాడు?" అని అడిగారాయన. మేము కాస్త గర్వంగానే చెప్పాం, "ఐదుసార్లండీ, గ్లాసు నిండా తాగుతాడు" అని. "అన్నం?" "అన్నం సరిగా తినడండీ. పాలు తాగుతాడు కదా అని మేమూ బలవంతం చెయ్యం." ఆయన కలం కింద పెట్టేశారు. "వాడు గోడ తింటున్నది అల్లరికి కాదమ్మా, ఒంట్లో ఐరన్ లేక" అన్నారు.

పాలల్లో కాల్షియం ఉంది, మాంసకృత్తులు ఉన్నాయి, కానీ ఐరన్ లేదనే చెప్పాలి. పైగా పాలతో కడుపు నిండిన పిల్లవాడికి ఆకలి వెయ్యదు. ఐరన్ ఇచ్చే పప్పూ, ఆకుకూరా, గుడ్డూ, మాంసమూ వాడి కడుపులోకి చేరే దారి మూసుకుపోతుంది. తిన్న కాసింత ఆహారంలోని ఐరన్‌ను కూడా పాలు సరిగా ఒంటబట్టనివ్వవు. ఏడాది దాటిన పిల్లలకు రోజుకు అర లీటరు మించి పాలు వద్దని పిల్లల డాక్టర్లు చెప్పేది ఇందుకే. మా వాడు లీటరు తాగుతున్నాడు. మా ఇంటి సంగతి ఇలా ఉందని మేమే అనుకున్నాం గానీ, 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం. అంటే ఆదివారం మన మందిరంలో ముందు చాపల మీద కూర్చుని చప్పట్లు కొట్టే పదిమంది చిన్నారుల్లో ఆరేడుగురు. వీళ్లంతా లేనివాళ్ల పిల్లలేమీ కాదు.

డాక్టరుగారు ఐరన్ సిరప్ రాసిచ్చారు. పాలతో కలపకుండా, వీలైతే నిమ్మరసంతో పట్టమన్నారు. నులిపురుగుల మాత్ర వేశారు (ఏటా ఫిబ్రవరిలో, ఆగస్టులో అంగన్‌వాడీల్లో, బడుల్లో ఉచితంగా వేసేది అదే మాత్ర). ఇక్కడ ఒక్క మాట. రక్తహీనత ఇంతదాకా వచ్చాక వంటతోనే నయం చేసుకుంటామని ఇంట్లో కూర్చోకూడదు. మందు కావాల్సిందే, అదీ హిమోగ్లోబిన్ పెరిగాక మరి రెండు మూడు నెలలు వాడాల్సిందే. వంట పని ఏమిటంటే, ఆ స్థితి మళ్లీ రాకుండా చూడటం. ఆ పనిలోనే మేము తప్పిపోయాం.

ఎలా తప్పిపోయామంటే, మా ఇంట్లో పెద్దలకో వంట, పిల్లలకో వంట. మాకు పప్పు, వేపుడు, పచ్చడి. వాడికి ఉదయం పాలల్లో డబ్బా పొడి, పదకొండింటికి క్రీమ్ బిస్కెట్లు, మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం నాయనమ్మ ఇచ్చే టీలో ముంచిన రస్కు, రాత్రి మళ్లీ పాలు. భోజనానికి ముందు కృతజ్ఞతా ప్రార్థన చేయించి, ఆమేన్ అనగానే ఫోను చేతికిచ్చేవాళ్లం. వాడు బొమ్మలు చూస్తూ నోరు తెరిచేవాడు, మేము ముద్ద పెట్టేవాళ్లం. ఏం తిన్నాడో వాడికీ తెలియదు. టీ సంగతి మాకు అసలు తోచనే లేదు. టీ, కాఫీల్లోని పదార్థాలు తిండిలోని ఐరన్‌ను పట్టేసుకుంటాయి. పిల్లలకు అది ఎంత కొంచెమైనా వద్దు. ఆ డబ్బా పొడులకైతే 'హెల్త్ డ్రింకు' అన్న పేరే లేకుండా పోయింది. మన ఆహార భద్రతా చట్టంలో అలాంటి రకమేదీ లేదు గనుక ఆ పేరు కింద అమ్మవద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అంగళ్లకు సూచించింది. అర కిలో డబ్బా ఖరీదుకు ఒక అట్ట గుడ్లు వచ్చి ఇంకా చిల్లర మిగులుతుందని మేము లెక్క వేసుకున్నది ఆ తర్వాతే.

అందుకని ఒకే పొయ్యి, ఒకే కుండ అని తీర్మానించుకున్నాం. చెప్పినంత తేలిక కాలేదు. పాలు రోజుకు రెండు చిన్న గ్లాసులకు తగ్గించాం, అదీ భోజనానికి దూరంగా. మొదటి నాలుగు రోజులు ఇల్లు రణరంగం! వాడు కంచం తోసేశాడు, నేల మీద పొర్లాడు. మూడో రోజు రాత్రి ఏమీ తినకుండా పడుకున్నాడు. మేమిద్దరమూ నిద్రపోలేదు. మరునాడు చూస్తే నాయనమ్మ వంటింట్లో చాటుగా పాలు కలుపుతోంది. "పసివాణ్ని మాడుస్తారా? నేను ఏడుగుర్ని పెంచలేదా?" అని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె మాట కాదనలేము. కానీ ఆమె ఏడుగుర్ని పెంచినప్పుడు డబ్బా పొడులు లేవు, బిస్కెట్ పొట్లాలు లేవు, ఇంట్లో లీటర్ల కొద్దీ పాలూ లేవు. "మరి అప్పుడు ఏం పెట్టేదానివమ్మా?" అని అడిగాం. కాసేపు ఆలోచించి, "పప్పన్నం మెదిపి పెట్టేదాన్ని. మునగాకు పొడి, రాగి జావ, నువ్వుల ఉండలు... ఇంకేముంటాయి?" అంది. ఆ పూట నుంచి వంటింటి పెత్తనం మళ్లీ ఆమెదే అయింది, ఐదో రోజున వాడు ఆమె చేతి పప్పన్నం నాలుగు ముద్దలు తిన్నాడు.

పప్పన్నం అంటే మామూలు పప్పన్నమే. గ్లాసు కందిపప్పు కడిగి, రెండు గుప్పెళ్ల తోటకూరో, పాలకూరో, లేత మునగాకో తరిగి వేసి కుక్కర్లో ఉడికించడం. మెదిపి, పసుపు, కొద్దిగా ఉప్పు వేసి, ఎండుమిరపకాయల తాలింపు పెట్టకముందే పిల్లల వాటా తీసి పక్కన పెడతాం. అందులో చెంచాడు నెయ్యి వేసి, తినే ముందు నాలుగు చుక్కల నిమ్మరసం పిండుతాం. మిగిలినదానికి కారం, తాలింపు పెట్టి పెద్దలం తింటాం. ఈ నిమ్మరసమే అసలు కిటుకు. ఆకుకూరల్లో, పప్పుల్లో ఐరన్ ఉన్నా అది ఒంటికి సులువుగా పట్టదు, పులుపులోని విటమిన్ సి దానికి తోడైతేనే బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే జామకాయ ముక్క పెట్టినా అదే మేలు, నారింజ కంటే జామకాయలోనే విటమిన్ సి ఎక్కువ. వెల ఎక్కువ ఉన్న పండే బలమనుకునే అమాయకత్వం మాకూ ఉండేది.

ఉదయం పూట పెసరట్టు మమ్మల్ని ఆదుకుంది. రాత్రి నానబెడితే పొద్దున రుబ్బడానికి పది నిమిషాలు పట్టదు, పులియబెట్టే పని లేదు. వారంలో రెండు రోజులు ఇడ్లీ పిండిలో రాగిపిండి కలిపి దోసెలు వేస్తాం. నూరు గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యంలో అది పది మిల్లీగ్రాములు కూడా ఉండదు. పాలు తగ్గిస్తే ఎముకలు ఏమైపోతాయోనన్న నాయనమ్మ బెంగ రాగిదోసెతో తీరింది. రోజుకో గుడ్డు. వేసవిలో గుడ్డు వేడి చేస్తుందని ఆమె ఇప్పటికీ అంటుంది, ఆ విషయంలో మాత్రం మేము వినం. గుడ్డు గురించి చెప్పాలంటే ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. మా వీధి చివరి అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్డు పెడతారని తెలిసినా, అది లేనివాళ్ల కోసమని మేము వాణ్ని పంపలేదు. మా పెంకుతనానికి ఇంతకంటే మంచి పేరు దొరకదు.

ఇక ఆదివారం. క్రైస్తవ ఇళ్లలో ఆదివారం కోడికూర లేకపోతే ఆరాధనకు వెళ్లొచ్చినట్టే ఉండదు. కానీ పొద్దున హడావుడిలో పిల్లలకు ఏమీ పెట్టకుండానే మందిరానికి బయలుదేరతాం. ఆరాధన ముగిసి ఇంటికొచ్చి కూర దించేసరికి రెండు గంటలు. మధ్యలో పిల్లలు గొడవ చేయకుండా చేతిలో బిస్కెట్ పొట్లం. ఇప్పుడు మేము శనివారం రాత్రే మాంసానికి అల్లం, వెల్లుల్లి, పెరుగు పట్టించి ఫ్రిజ్‌లో పెట్టేస్తున్నాం. కొట్టతన్ని అడిగితే లివరు విడిగా ఇస్తాడు, ధర తక్కువ. ఐరన్ విషయంలో మెత్తని మాంసం ముక్క కంటే అదే మేలు. పిల్లలకు వారానికోసారి కొంచెం చాలు. బాగా ఉడికించి, మిరియాల పొడి చల్లి అన్నంలో మెదిపితే మా వాడు అడిగి తింటున్నాడు. పొద్దున మందిరానికి వెళ్లేముందు గుడ్డు, అరటిపండు తప్పనిసరి.

మా చిన్నదానికి అప్పటికి ఎనిమిది నెలలు. దాని విషయంలో మొదటినుంచే జాగ్రత్తపడ్డాం. ఆరు నెలలు నిండగానే తల్లిపాలతో పాటు మెత్తగా మెదిపిన పప్పన్నం, గుడ్డు పచ్చసొన మొదలుపెట్టాం. నీళ్లలా జారిపోయే జావ కాదు, చెంచా వంచితే నెమ్మదిగా జారేంత చిక్కగా. ఏడాది నిండేదాకా తేనె నాకించవద్దు, అందులో ఉండే ఒక సూక్ష్మజీవి పసిపిల్లల ప్రాణం మీదికి తేగలదు. పేరు పెట్టే రోజున పెద్దవాళ్లు ప్రేమగా చేసే పని గనుక మెత్తగానే వారించాలి. వేరుశనగ గుళ్లు, గట్టి శనగలు నాలుగైదేళ్లదాకా అలాగే పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. పొడి చేసి గానీ మెదిపి గానీ పెట్టాలి.

వద్దన్న కూర మళ్లీ పెట్టడంలోనే అసలు ఓపిక కావాలి. బీరకాయ మొదటిసారి ఉమ్మేశాడని మేము జాబితాలోంచి తీసేసేవాళ్లం. ఒక కొత్త రుచిని పిల్లలు ఒప్పుకోవడానికి ఎనిమిది పదిసార్లు ఎదురుపడాల్సి వస్తుందట. ఇప్పుడు కంచంలో రెండు ముక్కలు వేసి ఊరుకుంటాం. తినమనం, తిట్టం, తింటే బహుమానం ఇస్తామనీ అనం. అందరం చాప మీద కూర్చుని అదే కూర తింటాం. ఏం వండాలో మేము చూసుకుంటాం, ఎంత తినాలో వాడి కడుపు చూసుకుంటుంది. బీరకాయ తొమ్మిదోసారికి లోపలికి వెళ్లింది. కాకరకాయ ఇంకా బయటే ఉంది, మాలోనే ఒకరు దాన్ని తినరు గనుక వాణ్ని అనడానికి నోరు రావడం లేదు.

హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని ఉంది. మన కంచాలు చూసుకుంటే అన్నం కొండంత, కూర గోరంత. ఆ కొండను కొంచెం తవ్వడానికే మాకు ఏడాది పట్టింది.

నెల తర్వాత చేయిస్తే హిమోగ్లోబిన్ 9.8 వచ్చింది, మూడు నెలలకు 11.5. రెండో నెలలోనే వాడు గోడ జోలికి పోవడం మానేశాడు. మేము గమనించనే లేదు, మంచం వెనక ఊడుస్తూ నాయనమ్మ చెప్పింది, "సున్నం రాలడం లేదర్రా" అని.

మా సంఘంలో స్త్రీల సమాజంవాళ్లకు ఈ సంగతంతా చెప్పాం. సండే స్కూలులో క్రీమ్ బిస్కెట్ల బదులు ఉడికించిన శనగలు పెడదామన్నారు. నాలుగేళ్లలోపు వాళ్లకు మాత్రం అరటిపండు. మొదటి ఆదివారం సగం శనగలు మెట్ల మీద దొరికాయి. రెండో ఆదివారం ఒక సహోదరి వాటిలో పచ్చికొబ్బరి, మామిడికాయ తురుము కలిపి తెచ్చింది, గిన్నె ఖాళీ అయింది. ఈ వారం వంతు మాది. శనివారం రాత్రి రెండు కిలోలు నానబెట్టాలి.