ములుగు త్రోవలో సొంత లారీ

హనుమకొండనుండి ములుగునకు సుమారు 50 కిలోమీటర్లు. అచ్చటినుండి పస్రా, తాడ్వాయి అడవులను దాటి ఏటూరునాగారము చేరువలో గోదావరిని దాటు త్రోవయే 163వ జాతీయ రహదారి. రామప్పగుడిని చూడబోవు యాత్రికులును, మేడారము జాతరకు తరలు భక్తులును ఈ త్రోవను బాగుగా నెరుగుదురు. వారి కారులకు దారి యిచ్చి ప్రక్కకు ఒదిగి పోవు లారీని మాత్రము అంతగా గమనింపరు. దానిని తోలువాడు పెక్కుమార్లు దాని యజమానియు నగును. అతనికి జీతము లేదు, సెలవు లేదు. కిరాయి దొరకిన దినమున సంపాదన. దొరకని దినమున అప్పు.

నిజాము ప్రభుత్వము 1932లో రైల్వేశాఖ క్రింద 27 బస్సులతో రోడ్డు రవాణాను ఆరంభించెను. నేటి ఆర్టీసీకి అదియే మూలము. ప్రయాణికుల విషయమున ప్రభుత్వమట్లు పూనుకొనెను గాని, సరకుల రవాణా ప్రధానముగా ప్రైవేటు వ్యక్తుల చేతులలోనే యుండిపోయెను. కావున లారీవాని మంచిచెడ్డలకు లారీవాడే బాధ్యుడు.

పంటలకువలెనే ఇచ్చటి లారీకిని ఋతువులున్నవి. చలి తగ్గుముఖము పట్టగానే గోదావరి యొడ్డు పొలముల మిర్చి వరంగల్లు ఎనుమాముల మార్కెట్టునకు తరలును. కోతల పిమ్మట కొనుగోలు కేంద్రములనుండి వడ్లు మిల్లులకు పోవును. ఎండలు ముదిరిన వెనుక అడవి కల్లములనుండి తునికాకు బస్తాలు దిగివచ్చును. రెండేండ్లకొకసారి జాతర వచ్చును. సమ్మక్క సారలమ్మలకు సమర్పించు బెల్లమును అచ్చట బంగారమందురు. ఆ బంగారమును మోసితెచ్చిన బండికి మాత్రము కిరాయి బెల్లపు లెక్కననే ముట్టును. మంగపేట మండలము కమలాపురములోని రేయాన్ గుజ్జు కర్మాగారము నడచినన్నాళ్లు కఱ్ఱ మోయుట ఎందఱికో నిత్యకృత్యముగా నుండెడిది. 2014లో అది మూతపడెను. కార్మికుల కష్టములు కొంతవఱకైన లోకమునకు తెలిసినవి. కఱ్ఱ మోసిన బండ్లవారి సంగతి అంతగా తెలియలేదు.

ఇప్పుడు మిగిలిన పెద్ద ఆధారము గోదావరి ఇసుక. దీనిని రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ ఆన్‌లైనులో విక్రయించును. కొనువాడు సొమ్ము చెల్లించి లారీ సంఖ్యను నమోదు చేయించిన పిమ్మట, ఆ లారీ రీచ్‌నకు పోయి వంతుకొఱకు నిలువవలెను. వంతు ఒక పూటలో రావచ్చును, మఱునాటికి గాని రాకపోవచ్చును. నిలిచిన బండి డీజిలు త్రాగదు గాని కిస్తీ నిలువదు.

ఇచ్చట విద్యార్థులు వేయదగిన లెక్క యొకటి కలదు. పది టైర్ల లారీ సరకుతో కలిపి 25 టన్నులు మించరాదని పూర్వపు నియమము. 2018లో కేంద్రప్రభుత్వము దానిని 28.5 టన్నులకు పెంచెను. ఖాళీబండి 10 టన్నులనుకొన్నచో సరకునకు మిగులునది 18.5 టన్నులు. ఘనమీటరు ఇసుక టన్నున్నరకు పైగా తూగును. తడిసినదైనచో ఇంకను ఎక్కువ. కాగా 11, 12 ఘనమీటర్లతో న్యాయమైన లోడు ముగియును. కాని కిరాయి బేరము ఈ లెక్కప్రకారము సాగదు. మించి వేసికొన్నవానికి టన్నుకు పడు ఖర్చు తగ్గును. అందుచే వాడు తక్కువ కిరాయికి ఒప్పుకొనగలడు. ఆ కిరాయియే బజారు ధరయైనప్పుడు చట్టమునకు లోబడినవాడు నష్టపడును. మించి వేసినవాడును సుఖపడడు. 2019 నాటి సవరణ చట్టము అధికభారమునకు 20,000 రూపాయలును, ఆపైని ప్రతి టన్నుకు 2,000 రూపాయలును జరిమానా నిర్ణయించినది. నాలుగు లారీల ఆసామికి ఒకటి పట్టుబడినను మూడు తిరుగును. ఒక్క లారీవానికి క్లచ్‌ప్లేటు అరిగినను ఇల్లు గడవదు.

పెద్దబండి భారము మోయలేనివారు చిన్నబండిని ఆశ్రయించుచున్నారు. 2005లో టాటా ఏస్ వచ్చినప్పటినుండి పల్లెలో ఎరువుల బస్తాయైనను, పెండ్లి సామానైనను దానిమీదనే. సరకుతో 3,000 కిలోలు మించని బండికి 1988 నాటి మోటారు వాహన చట్టము పర్మిటు అక్కఱలేదన్నది. 7,500 కిలోలు మించని రవాణా వాహనమును తేలికవాహన లైసెన్సుతోనే నడుపవచ్చునని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము తీర్పు చెప్పినది. ఇది మేలే. అయితే సులభముగా ప్రవేశింపగల వృత్తిలో పోటీయు సులభముగా పెరుగును. ఒక్క అడ్డాలో ఇరువదిబండ్లు నిలిచినప్పుడు బేరము కొనువానిదే. రెంటికిని నడుమనున్న బండిని తెలంగాణమున నేటికిని డీసీఎం అనియే పిలుతురు. డీసీఎం టయోటా పేరుతో దానిని తయారుచేసిన కంపెనీ ఎన్నడో కనుమరుగయ్యెను, పేరు మాత్రము జనుల నోట నిలిచినది.

అన్నిటికంటె గడ్డుకాలము వానకాలము. 2023 జూలైలో వెంకటాపూర్ మండలము లక్ష్మీదేవిపేటలో ఒక్కదినమున 649.8 మిల్లీమీటర్ల వర్షము కురిసెను. జంపన్నవాగు కొండాయి గ్రామమును ముంచి మనుషులనే పొట్టనబెట్టుకొనెను. అట్టి వేళ లారీమాట ఎత్తుట తగదు. కాని ఏ యేడైనను నది నిండినప్పుడు రీచ్‌లు మునుగును, మట్టిత్రోవలు తెగును, నెలలకొలది కిరాయి యుండదు. మూడునెలల పన్నుగడువు మాత్రము ఆగక వచ్చును. బండిని నిలిపివేసితినని రవాణాశాఖకు ముందుగా తెలిపిననే తప్ప మినహాయింపు లేదు. ఈ సంగతి తెలియక పన్ను కట్టుకొనువారు కలరు. ఎనిమిదేండ్లు నిండిన బండికి ఫిట్‌నెస్ పరీక్ష ఏటేట తప్పదు. పాతబండియే చవుకగా దొరకును గనుక, ఒక్క లారీవానికి తఱచుగా నుండునది అదియే.

మిగులు ఏమైన నున్నచో అది వాపసు కిరాయిలో నున్నది. ఏటూరునాగారమునుండి మిర్చి తెచ్చి ఎనుమాములలో దింపినవానికి, తిరుగుప్రయాణమున ఎరువులో సిమెంటో దొరకినచో ఆ ట్రిప్పు గిట్టును. దొరకనిచో నూఱు కిలోమీటర్లకు పైబడిన దారికి డీజిలు తన జేబునుండియే. సరకు దింపి, హమాలీలకు లెక్క తీర్చి, అతడు మార్కెట్టు గేటువద్ద టీ త్రాగుచు ఏజెంటునకు ఫోను చేయును. రేపు చూతమని ఆవలనుండి జవాబు వచ్చును. ఆ రాత్రి అచ్చటనే నిలిచినచో భోజనము ఖర్చు, పోయినచో డీజిలు ఖర్చు. ఈ రెంటిని తూచుకొనుచు క్యాబినులో నడుము వాల్చును. ఇంటినుండి, బయలుదేరితివా యని ఫోను వచ్చును.