డ్యాష్‌బోర్డులో 180 మిల్లీమీటర్ల గూడు

కారుతో వచ్చిన స్టీరియో తీయించి బయట కొన్నది పెట్టిస్తే, “కంపెనీ ఫిట్టింగ్ కదా, ఎందుకు కదిలించావు?” అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకు చెప్పాల్సిన మాట ఒకటుంది. అసలు కారు రేడియో పుట్టిందే బయటి సరుకుగా. కార్ల కంపెనీలు దాన్ని తమ సొంతం చేసుకున్నది ఆ తరువాతే.

షికాగోలో పాల్ గాల్విన్ కంపెనీ ఇళ్ళలోని రేడియోలకు బ్యాటరీ అక్కర్లేకుండా కరెంటు అందించే పెట్టెలు తయారు చేసేది. రేడియోలే నేరుగా కరెంటుతో నడవడం మొదలయ్యేసరికి ఆ పెట్టెలకు గిరాకీ పడిపోయింది. 1930 జూన్‌లో అట్లాంటిక్ సిటీలో రేడియో తయారీదారుల సమావేశం జరిగింది. గాల్విన్ తన స్టూడిబేకర్ కారుకు రేడియో బిగించుకుని అక్కడికి వెళ్ళి, వచ్చేపోయేవాళ్ళకు వినిపించాడు. ఆర్డర్లు దొరికాయి. ఆ రేడియో మోడల్ పేరు 5టి71, అమ్మకపు పేరు మోటొరోలా. 1947లో కంపెనీకే ఆ పేరు పెట్టుకున్నారు. ఆ తొలి రేడియో ధర 110 నుంచి 130 డాలర్లు. కొత్త ఫోర్డ్ మోడల్-ఎ కారే అయిదు వందల డాలర్లకు అటూ ఇటూగా దొరికే రోజులవి!

డబ్బు పెట్టినా బిగించడం తేలిక కాదు. రేడియో పెట్టె ఒకచోట, స్పీకర్ మరోచోట, విడి బ్యాటరీలు నేల కింద. అన్నిటికీ మించిన తలనొప్పి ఇంజనుతోనే. స్పార్క్ ప్లగ్గులో మెరిసే ప్రతి నిప్పురవ్వా ఓ చిన్న రేడియో ప్రసారమే కాబట్టి పాటకంటే గరగరే ఎక్కువ వినిపించేది. ప్లగ్గులకు, డిస్ట్రిబ్యూటర్‌కు సప్రెసర్లు తగిలిస్తేగానీ అది అణగలేదు.

విడి బ్యాటరీలు ఎందుకు? అప్పటి రేడియోల్లో ఉన్నవి వాల్వులు. వాటికి వంద వోల్టులు దాటిన కరెంటు కావాలి. కారు బ్యాటరీ ఇచ్చేది 6 వోల్టులు. కొన్నేళ్ళలోనే దీనికి ‘వైబ్రేటర్’ అనే పరికరం వచ్చింది. అందులో ఓ సన్నని రేకు సెకనుకు వందకు పైగా సార్లు కొట్టుకుంటూ కరెంటును తెంపుతూ కలుపుతూ ఉండేది. తెగి తెగి వచ్చే కరెంటును ట్రాన్స్‌ఫార్మర్ పెద్ద వోల్టేజీకి ఎక్కించేది. రేడియో వేస్తే ముందు వినిపించేది ఈ రేకు చేసే జుమ్మన్న మోతే. 1955లో క్రైస్లర్, ఫిల్కో కలిసి వాల్వులు లేని, పూర్తి ట్రాన్సిస్టర్ల కారు రేడియో తెచ్చాక ఈ తిప్పలు తీరే దారి కనబడింది. ఎనిమిది ట్రాకుల టేపు, క్యాసెట్టు, 1984లో సీడీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, పోయాయి.

నా లెక్కలో వీటన్నిటికంటే గొప్ప ఆవిష్కరణ ఒక ఖాళీ జాగా. 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు ఉండే ఆ గూడు కొలత జర్మన్ ప్రమాణాల సంస్థది. ఆ సంస్థ పొట్టిపేరే దానికీ పేరైంది, ‘డిన్’ అని. ఎత్తు రెట్టింపైతే ‘డబుల్ డిన్’. ఏ కంపెనీ కారైనా, ఏ కంపెనీ స్టీరియో అయినా, కొలత కలిస్తే కూర్చుంటుంది. మన దగ్గర మారుతి 800 బేస్ మోడల్ కొన్నవాళ్ళు షోరూమ్ నుంచి నేరుగా స్టీరియో షాపుకు వెళ్ళగలిగింది ఈ గూడు పుణ్యమే.

గూడు వెనక వైర్ల గుత్తి. బయటి సెట్లలో పసుపు వైరు ఎప్పుడూ బ్యాటరీతోనే ఉంటుంది, గడియారాన్నీ స్టేషన్లనూ గుర్తుంచుకునేది దాని వల్లే. ఎరుపు వైరుకు తాళం తిప్పితేనే కరెంటు. నలుపు ఎర్త్. పసుపు, ఎరుపు తారుమారైతే బండి ఆపిన ప్రతిసారీ సెట్టు అన్నీ మరిచిపోతుంది. రెండూ కలిపి బ్యాటరీకే ఇస్తే, సెట్టు ఆపడం మరిచిన రాత్రి బ్యాటరీ దిగిపోతుంది.

డబ్బా మీద రాసే “50 వాట్లు × 4” సంగతీ చూద్దాం. ఇంజను నడుస్తున్నప్పుడు వోల్టేజీ సుమారు 14.4, స్పీకర్ 4 ఓమ్‌లు. 14.4ను 14.4తో గుణించి 4తో భాగిస్తే దాదాపు 52. అంటే సంగీత తరంగమంతా నరికేసి చదునుగా, పగిలిన గొంతుతో మోగితే వచ్చే వాట్లవి. శుభ్రమైన స్వరానికి అందులో సగమే హద్దు. ఆచరణలో 20 వాట్ల చుట్టుపక్కల. వాట్లు చూసి కొనేవాళ్ళు ఈ శుభ్రమైన వాట్లను చెప్పే ‘ఆర్ఎంఎస్’ అంకె అడగాలి.

ఇప్పుడు ఆ గూడు మళ్ళీ మూసుకుపోతోంది. ఏసీ మీటలు, వెనక కెమెరా, సెట్టింగులు అన్నీ ఒకే తెరలోకి చేరాయి. ఆ తెర మిగతా కారుతో మాట్లాడేది బాష్ కంపెనీ 1986లో పరిచయం చేసిన ‘క్యాన్’ అనే వైర్ల మీద. సెట్టు పీకేస్తే స్టీరింగు మీటలు మూగబోతాయి, ఒక్కోసారి ఏసీ కూడా. మధ్యలో భాష మార్చే అడాప్టర్ పెట్టక తప్పదు. సౌకర్యం పెరిగిన మాట నిజమే గానీ, యజమాని చేతిలోని ఎంపిక తగ్గిందన్నదీ అంతే నిజం.

పాత మోడల్ కారున్నవాళ్ళకు మాత్రం దారి ఇంకా తెరిచే ఉంది. బిగించేవాడు కంపెనీ వైర్లు కోసి మెలిపెట్టి టేపు చుడతానంటే ఒప్పుకోకండి. మీ కారుకు సరిపడే కప్లర్ తెమ్మనండి, ఖర్చు కాస్త ఎక్కువైనా సరే. తీసిన పాత సెట్టును పారేయకుండా అటక మీద పెట్టండి, కారు అమ్మేటప్పుడు పనికొస్తుంది.