చిన్న మందలో ఉన్ని కత్తిరింపు: దక్కనీ గొర్రె

2019 పశుగణన ప్రకారం తెలంగాణలో 1.91 కోట్ల గొర్రెలు ఉన్నాయి. గొర్రెల సంఖ్యలో రాష్ట్రానిది దేశంలోనే మొదటి స్థానం. అయితే వీటిని ప్రధానంగా మాంసం కోసమే పెంచుతున్నారు. మరి ఉన్ని అమ్మితే చేతికి వచ్చేది అంతంతమాత్రమైనప్పుడు, తాండూరు ప్రాంతంలో 20 దక్కనీ గొర్రెలున్న చిన్న రైతు కత్తిరింపు ఖర్చు ఎందుకు భరించాలి? ఈ భాగంలో ఆ ప్రశ్నను పరిశీలిద్దాం.

1. ఎందుకు కత్తిరించాలి?

దక్కనీ గొర్రె ఉన్ని ముతకగా, ఎక్కువగా నలుపు రంగులో ఉంటుంది. కత్తిరించకపోతే అది పెరిగి ముద్దకడుతుంది. కోత అయిన కంది చేలల్లో మేసే మందలకు ఆకులు, ముళ్లకాయలు ఉన్నిలో చిక్కుకుంటాయి. పేడ, మూత్రం అంటుకున్న చోట ఈగలు గుడ్లు పెడతాయి. పిడుదులు కనిపించకుండా దాగుతాయి. ఎండకాలంలో గొర్రె వేడిని తట్టుకోలేక మేత తగ్గిస్తుంది. కాబట్టి కత్తిరింపును ఉన్ని కోసం చేసే పనిగా మాత్రమే కాక, మంద ఆరోగ్య రక్షణలో భాగంగా చూడాలి.

2. ఎప్పుడు, ఎలా?

సాధారణంగా ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు: చలి తగ్గి ఎండలు ముదరకముందు ఒకసారి, వానలు వెనకబట్టాక మరొకసారి. ఈ క్రమాన్ని పాటించండి.

అ) ఒకటి రెండు రోజుల ముందు గొర్రెలను కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఉన్ని నిల్వలో బూజు పడుతుంది.
ఆ) ముందురాత్రి మేత పెట్టకూడదు. కడుపు నిండిన గొర్రెను ఒరిగించి పట్టుకుంటే అది ఇబ్బంది పడుతుంది.
ఇ) నెలలు నిండిన చూడి గొర్రెలను ఈనేవరకు వదిలేయాలి.
ఈ) ఒక చేత్తో చర్మాన్ని సాగదీసి పట్టుకొని, కత్తెరను చర్మానికి సమాంతరంగా నడపాలి. పొదుగు, చన్నుల దగ్గర మరింత జాగ్రత్త అవసరం.
ఉ) గాటు పడితే వెంటనే మందు రాయాలి. లేకపోతే పురుగు పడుతుంది.
ఊ) గాట్లు మానిన తరువాత, సుమారు రెండు వారాలకు, పిడుదుల మందు పట్టించాలి. అప్పటివరకు వానకు, చలికి గురికాకుండా చూడాలి.

పొట్ట కింది మురికి ఉన్నిని వేరుచేసి, మిగతాదాన్ని రంగులవారీగా మూటకట్టాలి.

3. ఉన్ని ఎక్కడికి పోతుంది?

ఈ ముతక ఉన్ని సన్నని దుస్తులకు పనికిరాదు. గొంగడికి సరిగ్గా సరిపోతుంది. కురుమ కుటుంబాలు ఉన్నిని వడికి, దారానికి చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గంపై గొంగడి నేస్తాయి. గొంగడి వాడకం తగ్గడంతో ఉన్నికి గిరాకీ పడిపోయింది.

4. రైతు ముందున్న ఎంపిక

నెల్లూరు జాతికి ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే ఉంటాయి. అందుకే కొందరు మందలోకి నెల్లూరు పొట్టేలును తెచ్చి కత్తిరింపు ఖర్చు తప్పించుకుంటారు. పిల్లలు ఎత్తుగా ఎదుగుతాయి, మాంసం ధర కలిసివస్తుంది. ఈ లెక్క తప్పని చెప్పలేం. అయితే అదే పద్ధతి కొన్ని తరాలు కొనసాగితే మందలో దక్కనీ లక్షణాలు తగ్గిపోతాయి. ఎక్కువ దూరం నడిచి, తక్కువ మేతతో, కరువును ఓర్చుకొని బతకడం ఆ జాతి ప్రత్యేకత. కత్తిరింపు కూలి ఏటా కంటికి కనిపించే ఖర్చు. జాతి నష్టం మాత్రం కరువు వచ్చిన ఏడాదే బయటపడుతుంది. పొట్టేలును ఎంచుకునేటప్పుడు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

మీ ప్రాంతంలోని ఒక మందను పరిశీలించి, కత్తిరింపు కూలిని, ఉన్ని రాబడిని, మందుల ఖర్చును లెక్కించండి. ఆ రైతు దక్కనీ పొట్టేలును కొనసాగించాలా, వద్దా? కారణాలతో రాయండి.