గృహ ఉప్పునీటి అక్వేరియంలో పగడపు జీవులను తినే చీడలు – మెట్ట ప్రాంతానికి అనువైన యాజమాన్యం

అలంకార జీవుల పెంపకందార్లకు గుత్తి పేరు కొత్తది కాదు. ఇక్కడి రైల్వే కలప యార్డులో దొరికిన ఒక సాలీడు ఆధారంగా 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త పెసిలోథీరియా మెటాలికా జాతిని వర్ణించాడు. మెరిసే నీలిరంగు గల ఆ సాలీడు నేడు ‘గుత్తి సఫైర్’ పేరుతో ప్రపంచమంతటా ఇళ్లలో పెంచబడుతోంది. దాని సహజ ఆవాసం మాత్రం గుత్తి కాదు, నంద్యాల, గిద్దలూరు మధ్యనున్న అడవులు. అక్కడ అది అంతరించిపోయే ప్రమాదం అత్యధికంగా ఉన్న జీవుల జాబితాలో చేరింది. కలప దుంగతో సాలీడు ప్రయాణించినట్లే రాతిముక్కతో నత్త, నత్తతో దాని గుడ్లు ప్రయాణిస్తాయి. సముద్రానికి 250 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న మెట్ట పట్టణంలోని గాజుతొట్టెలో పగడపు జీవులను తినే చీడ కనిపించిందంటే అది కొనుక్కొని తెచ్చుకున్నదే. గాలిలో ఎగిరి వచ్చే అవకాశం దానికి లేదు. యాజమాన్యంలో పెంపకందారుకు ఇదే అన్నిటికన్నా పెద్ద అనుకూలత.

చీడల గురించి మాట్లాడే ముందు ఆతిథేయిని గుర్తించడం అవసరం. మన దేశంలో దిబ్బలను నిర్మించే రాతి పగడాలన్నీ, నల్ల పగడాలు, అగ్ని పగడాలు, సముద్రపు విసనకర్రలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని సేకరించడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. చనిపోయిన పగడపు ముక్కలకు కూడా ఈ రక్షణ వర్తిస్తుంది. అందువల్ల విదేశీ సాహిత్యంలో అత్యధిక పుటలు ఆక్రమించే అక్రోపోరా బల్లపరుపు పురుగు, అదే పగడంపై బతికే ఎర్ర నల్లులు, మాంటిపోరాను తినే గుల్లలేని నత్త మన విస్తరణ శాస్త్రవేత్తలకు దాదాపు అప్రస్తుతం. వాటికి మందు అడిగిన వ్యక్తికి ముందుగా చెప్పవలసినది మోతాదు కాదు, చట్టం. షెడ్యూలులో పేర్కొనని జోయాంతిడ్లు, పుట్టగొడుగు పగడాలు, తోలు పగడాలు పెంచేవారే సలహాకు నిజమైన అర్హులు. ఈ వ్యాసం ప్రధానంగా జోయాంతిడ్ల చీడలకు పరిమితం.

చీడల గుర్తింపు

జోయాంతిడ్లు బొత్తాముల వలె గుంపులుగా పెరుగుతాయి. ఒక్కొక్క పాలిప్ చుట్టూ చిన్న స్పర్శకాలు ఉంటాయి. నాలుగైదు రోజులపాటు పాలిప్‌లు విచ్చుకోకపోతే చీడను అనుమానించవచ్చు గాని నిర్ధారించరాదు. ఉప్పు సాంద్రత మారినా, కాంతి ఎక్కువైనా, క్షారత పడిపోయినా అవి అలాగే ముడుచుకుంటాయి. గుత్తి వేసవిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. తొట్టె నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం తొట్టెలోనే మిగిలిపోతుంది. ఆ లోటును ఉప్పునీటితో భర్తీ చేసే పొరపాటు తరచుగా జరుగుతుంది. బోరు నీటిలోని లవణాలు ఇంకొక సమస్య. కాబట్టి ముందు లవణీయతను కొలవాలి. నీరు సక్రమంగా ఉన్నదని తేలిన తర్వాతే చీడను వెతకాలి.

వెతకవలసిన సమయం రాత్రి, దీపాలు ఆర్పిన ఒకటి రెండు గంటల తర్వాత. ముఖ్యమైన శత్రువు జోయాంతిడ్లను తినే గుల్లలేని సముద్రపు నత్త. దీని వీపుపై ఉండే వేళ్ల వంటి పెరుగుదలలు అచ్చం పాలిప్ స్పర్శకాల వలె ఉంటాయి. తిన్న పాలిప్ రంగు దాని శరీరంలోకి చేరుతుంది. పచ్చని పాలిప్‌లను తిన్నది పచ్చగా, గోధుమరంగు వాటిని తిన్నది గోధుమరంగుగా కనిపిస్తుంది. వేరుశనగ ఆకుపై పచ్చపురుగును గుర్తించడానికి అలవాటు పడిన కన్ను కూడా ఇక్కడ మొదటిసారి మోసపోతుంది. నత్తకన్నా దాని గుడ్లను వెతకడం సులభం. పాలిప్‌ల కాండాల మొదళ్లలో, రాతి అడుగున, తెల్లని చుట్టలుగా అవి అంటుకొని ఉంటాయి.

రెండవది హీలియాకస్ అనే గుల్లనత్త. నలుపు తెలుపు గళ్లతో చదునైన శంఖం వలె ఉంటుంది. చూడడానికి అందంగా ఉన్నందున కొందరు దీనిని బహుమతిగా భావించి ఉంచేస్తారు. చేతితో ఏరివేయడమే దీనికి చాలిన వైద్యం. సముద్రపు సాలీళ్లు అరుదు. ఇక ఐప్టేసియా అనే గాజు అనిమోను పగడాలను తినదు. కుట్టి, చోటు ఆక్రమించి నష్టపరుస్తుంది. దీనిని కత్తిరించడం వయ్యారిభామను విత్తనం రాలిన తర్వాత పీకినట్లే. మిగిలిన ప్రతి తునకా కొత్త మొక్క వలె లేస్తుంది. శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడును ముద్దగా చేసి సిరంజితో నోటిపై వేయవచ్చు. ఒకే రోజు రెండు మూడింటికి మించి చేస్తే నీటి ఉదజని సూచిక పెరిగి తొట్టె మొత్తానికి ముప్పు.

ముంచుట, మళ్లీ ముంచుట

పంట పొలంలో ఆర్థిక నష్ట పరిమితి దాటిన తర్వాతే మందు పిచికారీ చేయమని విస్తరణ శాస్త్రం బోధిస్తుంది. మూసివున్న గాజుతొట్టెకు ఆ సూత్రం వర్తించదు. సహజ శత్రువులు లేవు, వలస లేదు, ఆహారం ఒక్కచోటే ఉంది. ఇక్కడ పరిమితి ఒక్క గుడ్ల చుట్ట.

కొత్తగా తెచ్చిన ప్రతి ముక్కనూ, చీడ కనిపించిన ప్రతి గుంపునూ తొట్టె నుండి తీసి వేరే పాత్రలో మందునీటిలో ముంచాలి. అయోడిన్ ఆధారిత ద్రావణాన్ని లేబుల్‌పై సూచించిన మోతాదులో తొట్టె నీటిలోనే కలిపి, 5 నుండి 10 నిమిషాలు ఉంచి, పిప్పెట్‌తో పాలిప్‌ల మధ్య నీటిని బలంగా చిమ్మాలి. ముంచడం వల్ల అన్ని నత్తలూ చావవు, పట్టు వదులుతాయి. చిమ్మకపోతే పని సగమే జరిగినట్లు. మందుల దుకాణంలో దొరికే అయోడిన్‌లలో సబ్బు కలిసిన సర్జికల్ స్క్రబ్ రకాన్ని వాడరాదు. అదే ఉష్ణోగ్రతలో ఉన్న శుద్ధ మంచినీటిలో ఒకటి రెండు నిమిషాలు ముంచినా జోయాంతిడ్లు సాధారణంగా తట్టుకుంటాయి. తోలు పగడాలకు ఈ పద్ధతి తగదు.

అసలు చిక్కు గుడ్లతోనే. ఏ ద్రావణమూ వాటిని నమ్మకంగా చంపదు. ఎర్ర గొంగళి పురుగు కోశస్థ దశలో వేసవంతా భూమిలో దాగి, తొలకరి జల్లుకు రెక్కల పురుగులుగా బయటికి వచ్చే తీరు అనంతపురం రైతుకు తెలిసినదే. ఆకుపై చల్లిన మందు నేలలోని కోశాన్ని తాకదు. ఇక్కడా అంతే. గుడ్ల చుట్టలను చిన్న చిమటాతోనో, పాత పళ్ల బ్రష్షుతోనో తొలగించి, ముక్కను అంటించిన బిళ్లను వీలైతే విసర్జించి, 5 నుండి 7 రోజుల వ్యవధిలో నాలుగు నుండి ఆరు సార్లు ముంచడాన్ని పునరావృతం చేయాలి. వెచ్చని నీటిలో గుడ్లు త్వరగా పొదుగుతాయి గనుక ఏప్రిల్, మే నెలల్లో తక్కువ వ్యవధిని ఎంచుకోవడం మేలు. రెండవసారి ముంచిన తర్వాత పాలిప్‌లు చక్కగా విచ్చుకుంటాయి. చాలామంది అక్కడే ఆపివేస్తారు, మూడు వారాలకు చీడ తిరిగివస్తుంది. కొత్త ముక్కలను 20 నుండి 40 లీటర్ల ప్రత్యేక తొట్టెలో ఆరు వారాలు ఉంచగలిగితే ప్రధాన తొట్టెలో ఈ శ్రమ అంతా తప్పుతుంది.

ఆరు చారల రాస్, పసుపు కోరిస్ రాస్ వంటి చేపలు పిల్లనత్తలను కొంతమేర ఏరుకు తింటాయి. గుడ్లను ముట్టవు. వాటిని సహాయకులుగానే పరిగణించాలి. ఎర్రని బల్లపరుపు పురుగులుగా వ్యవహరించే కాన్‌వోల్యూట్రిలోబా మాత్రం పగడాన్ని కొరికి తినదు, దట్టంగా పరుచుకొని కాంతిని అడ్డుకుంటుంది. గొర్రెల కాపరులకు నట్టల మందుగా పరిచితమైన లెవామిసోల్‌ను దీనిపై వాడేవారున్నారు. చచ్చిన పురుగులు విషాన్ని వదులుతాయి గనుక ముందుగా సైఫన్ గొట్టంతో అత్యధిక భాగాన్ని లాగివేయకుండా, ఉత్తేజిత బొగ్గు సిద్ధంగా లేకుండా ఆ పనికి పూనుకోరాదు. కరెంటు కోతలున్న రోజున అసలే వద్దు.

మనిషికి ప్రమాదం

చీడ ఒక గుంపును తినివేస్తే నష్టం కొన్ని వేల రూపాయలు. చీడను వదిలించే ప్రయత్నంలో జరిగే పొరపాటు ప్రాణాంతకం కావచ్చు. అనేక జోయాంతిడ్లలో, విశేషంగా పాలిథోవా జాతుల్లో, పాలిటాక్సిన్ ఉంటుంది. 1971లో హవాయి దీవుల్లో సేకరించిన పాలిథోవా నుండి దీనిని తొలిసారి వేరుచేశారు. ప్రకృతిలో లభించే అత్యంత శక్తివంతమైన విషాల్లో ఇదొకటి. మరిగించినా నశించదు. పైగా ఆవిరితో పాటు గాలిలో కలిసి ఊపిరితిత్తులకు చేరుతుంది. ‘చీడ పట్టిన రాయిని వేడినీటిలో మరిగించండి’ అనే సలహా వల్ల విదేశాల్లో కుటుంబాలకు కుటుంబాలే ఆసుపత్రి పాలైన ఉదంతాలున్నాయి. ఏ విస్తరణ కార్యకర్తా ఆ మాట చెప్పరాదు.

ముక్కలను కోసేటప్పుడు, బ్రష్షుతో రుద్దేటప్పుడు చేతి తొడుగులు, కంటి అద్దాలు ధరించాలి. వంటగదిలో ఈ పని చేయరాదు, పిల్లలను దూరంగా ఉంచాలి. ఒక పాలు గృహ బ్లీచింగ్ ద్రావణాన్ని తొమ్మిది పాళ్ల నీటిలో కలిపి పనిముట్లను అరగంట నానబెట్టాలి. నోటిలో లోహపు రుచి, జ్వరం, ఛాతీ నొప్పి, శ్వాస ఇబ్బంది, కంటి మంట వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, పాలిటాక్సిన్ పేరును వైద్యునికి చెప్పాలి. దీనికి ప్రత్యేక విరుగుడు లేదు. ఉపశమన చికిత్స ఎంత త్వరగా అందితే అంత మంచిది.

వాడిన నీరు

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. 200 లీటర్ల తొట్టెలో వారానికి పదవ వంతు నీటిని మార్చినా 700 గ్రాములు, ఏడాదికి 36 కిలోల ఉప్పు బయటికి వస్తుంది. చీడ నివారణ కాలంలో ఇది ఇంకా పెరుగుతుంది. దానిలో అయోడిన్, లెవామిసోల్ కూడా ఉంటాయి. ఈ నీటి విద్యుద్వాహకత మీటరుకు సుమారు 50 డెసిసీమెన్లు, వేరుశనగ దిగుబడి తగ్గడం ప్రారంభమయ్యే నేల లవణీయత 3.2 మాత్రమే. లవణాలను కడిగివేసేంత వాన లేని ఈ నేలలో పెరటి వేపచెట్టు మొదట్లో పోసిన ఉప్పు అక్కడే ఉంటుంది. వాడిన నీటిని పలుచని సిమెంటు తొట్టెలోనో, మందపాటి ప్లాస్టిక్ పట్టా పరచిన గుంటలోనో ఎండబెట్టి, మిగిలిన ఉప్పును సంచిలో కట్టి పొడి చెత్తతో పంపడం ఉత్తమం. గుత్తి ఎండకు 20 లీటర్లు ఇంకడానికి ఎన్నో రోజులు పట్టదు.